మీ కేస్ షీటు ఎవరెవరు చూశారో... మీకు తెలుసా?

మీకు తెలుసా? రోగి గుట్టు ఎక్కడా విప్పనని వైద్యులు ఒట్టు పెట్టుకోవడం నిన్నా మొన్నా మొదలైంది కాదు. గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ పేరిట చెలామణీలో ఉన్న ప్రతిజ్ఞలోనే ఆ మాట ఉంది. దాని వయసు సుమారు 2400 ఏళ్లు! కత్తి పట్టి కోయనని కూడా అదే ప్రతిజ్ఞలో ఉంది. ఆ రెండో ఒట్టును సర్జన్లు ఎప్పుడో గట్టున పెట్టేశారు. మన అదృష్టం!

మీకు తెలుసా? బొంబాయిలో ఓ ఇనప్పెట్టెలో దాగిన ఎక్స్‌రే బయటపడి ఉంటే దేశపటమే వేరుగా ఉండేదేమో! పాకిస్తాన్ కోసం పట్టుబట్టిన జిన్నా ఊపిరితిత్తులను క్షయ తినేస్తోందని ఆయన డాక్టరు జె.ఎ.ఎల్. పటేల్‌కు తెలుసు. ఆ ఫిల్మును కవరులో పెట్టి భద్రం చేశాడని 1975లో వచ్చిన ‘ఫ్రీడమ్ ఎట్ మిడ్‌నైట్’ పుస్తకం చెబుతుంది. దేశ విభజన జరిగిన మరుసటి ఏడాదే, 1948 సెప్టెంబరు 11న, జిన్నా కన్నుమూశారు. అంతవరకూ డాక్టరు నోరు మెదపలేదు. ఇవాళైతే ఆ ఎక్స్‌రే సాయంత్రానికల్లా నాలుగు వాట్సాప్ గ్రూపులు తిరిగొచ్చేది!

మీకు తెలుసా? ఫ్రాన్స్ అధ్యక్షుడు మిత్తరాఁకు 1981లో, అంటే పదవిలోకి వచ్చిన ఏడాదే, క్యాన్సరని తేలింది. ఆయన ఏళ్ల తరబడి ‘అంతా కులాసా’ అంటూ ఆరోగ్య ప్రకటనలు విడుదల చేయించారు. వాటి మీద సంతకం సొంత డాక్టరు గుబ్లేర్‌ది. 1996 జనవరి 8న మిత్తరాఁ పోయారు. పదిరోజులు తిరక్కుండానే డాక్టరుగారు అసలు కథను పుస్తకంగా అచ్చేశారు. మర్నాడే కోర్టు నిషేధం. అప్పటికే దాదాపు 40,000 కాపీలు చెల్లిపోయాయి. ఓ ఇంటర్నెట్ కేఫ్ యజమాని మొత్తం పుస్తకాన్ని స్కాన్ చేసి నెట్‌లో పెట్టేశాడు. డాక్టరుగారికి శిక్ష పడింది. రోగి బతికుండగా చెప్పిన అబద్ధానికి కాదు, పోయాక చెప్పిన నిజానికి!

మీకు తెలుసా? కంప్యూటరు ఫైలుకు కళ్లుంటాయి. ఎవరు తెరిచారు, ఎన్నింటికి తెరిచారు, అన్నీ రాసిపెట్టుకుంటుంది. 2007లో హాలీవుడ్ హీరో జార్జ్ క్లూనీ మోటార్‌సైకిల్ ప్రమాదంలో దెబ్బ తగిలి న్యూజెర్సీలో ఒక ఆస్పత్రికి వెళ్లాడు. ఆయన వైద్యంతో ఏ సంబంధమూ లేని సిబ్బంది ‘ఒక్కసారి చూద్దాం’ అని ఫైలు తెరిచారు. ఒకరు కాదు, ఇద్దరు కాదు, 27 మంది సస్పెండయ్యారు! వాళ్లను వదిలేస్తే బాగుండేదని క్లూనీయే అన్నాడు. హీరోకి విరిగింది పక్కటెముక, వాళ్లకు విరిగింది నెల జీతం.

ఎస్టోనియాలో అయితే ఈ కూపీ మీరే లాగొచ్చు. మీ రికార్డును ఏ డాక్టరు ఎప్పుడు చూశాడో ఇంట్లో కూర్చుని తెర మీద చూసుకోవచ్చు. ఆ ఏర్పాటు మనకూ వస్తే డాక్టర్ల సంగతేమో గాని, ఆస్పత్రిలో పనిచేసే మన బావమరుదులు ముందు దొరికిపోతారు.

మీకు తెలుసా? ‘పేర్లు తీసేశాం, ఇక భయం లేదు’ అన్న ధీమా ఖరీదు 20 డాలర్లు! అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 1990ల్లో ప్రభుత్వోద్యోగుల వైద్య వివరాలను పేర్లు చెరిపేసి పరిశోధకులకు ఇచ్చింది. ఎవరినీ గుర్తుపట్టలేరని గవర్నర్ విలియం వెల్డ్ భరోసా ఇచ్చారు. లటానియా స్వీనీ అనే విద్యార్థిని 20 డాలర్లు పెట్టి కేంబ్రిడ్జి ఊరి ఓటర్ల జాబితా కొంది. గవర్నరు పుట్టినరోజున పుట్టినవాళ్లు ఆ ఊళ్లో ఆరుగురు. అందులో మగవాళ్లు ముగ్గురు. ఆయన పిన్‌కోడులో ఉన్నది ఒక్కడే... గవర్నరుగారే! ఆయన రోగాల చిట్టా తిన్నగా ఆయన ఆఫీసుకే చేరింది. పుట్టిన తేదీ, ఆడో మగో, పిన్‌కోడు. ఈ మూడూ ఉంటే అమెరికన్లలో 87 శాతం మందిని పోల్చుకోవచ్చని ఆమె లెక్క తేల్చింది. మన తాతల ముందు మాత్రం ఈ పాచిక పారదు. బడిపంతులు వేసిన జూలై 1 తప్ప అసలు పుట్టినరోజు వాళ్లకే తెలీదు!

అన్నట్టు, అమెరికాలో రోగి గుట్టును కాపాడే చట్టం ‘హిపా’. అధ్యక్షుడు క్లింటన్ సంతకం పెట్టింది 1996 ఆగస్టు 21న. అసలు దాని ముఖ్యోద్దేశం గుట్టు కాదు, ఉద్యోగం మారినా బీమా పోకుండా చూడటం! గోప్యత చట్టం సంగతి మూడేళ్లలో తేలుస్తామని పార్లమెంటు గడువు పెట్టుకుంది. మూడేళ్లూ గడిచాయి, తేల్చలేదు. చివరికి ఆరోగ్యశాఖే నియమాలు రాసింది. ఆస్పత్రులు వాటిని పాటించక తప్పని రోజు 2003 ఏప్రిల్ 14. ఫైలు కదలని జబ్బు మనకొక్కరికే అనుకున్నాం!

మీకు తెలుసా? ఆ నియమాల ప్రకారం ఒక రికార్డు ‘ఎవరిదో తెలియనిది’ కావాలంటే 18 రకాల ఆనవాళ్లు చెరిపేయాలి. పేరు, ఫోను, వేలిముద్ర సరే, కారు నంబరు ప్లేటు కూడా అందులో ఉంది. 89 దాటితే వయసు అంకె కూడా రాయకూడదు. ‘90, ఆపైన’ అని ఊరుకోవాలి. ఆ వయసు వాళ్లు అంత తక్కువమంది కాబట్టి అంకె చెబితే మనిషి దొరికిపోతాడు. పోయాక కూడా గుట్టు 50 ఏళ్లు పదిలం. యముడు చూసినా చట్టం చూపించదు!

అదే చట్టం కింద వెయిటింగ్ హాల్లో పేరు పెట్టి పిలవడం తప్పు కాదు. రోగమేమిటో అరవకూడదు, అంతే. ఇది చదివి నాకు మన ఓపీ హాలు గుర్తొచ్చింది. ముప్పై మంది బల్లల మీద కూర్చుని ఉంటారు. తలుపు సందులోంచి కాంపౌండరు తల బయటికొస్తుంది. “సుబ్బారావుగారూ! మోషన్ టెస్టుకు ఇచ్చారా?” ముప్పై తలలూ ఒకేసారి తిరుగుతాయి. సుబ్బారావుగారు జవాబు చెప్పేలోపే పక్కాయన కొండపిండి ఆకు కషాయం చెబుతుంటాడు.

మీకు తెలుసా? మన సుప్రీంకోర్టులో 1998లో రోగి పేరు ‘మిస్టర్ ఎక్స్’, ఆస్పత్రి పేరు ‘హాస్పిటల్ జెడ్’! రక్తం ఇవ్వబోతే హెచ్‌ఐవీ ఉందని తేలింది, ఆ మాట పొక్కింది, పెళ్లి ఆగిపోయింది. ఆయన ఆస్పత్రి మీద కోర్టుకెక్కాడు. పెళ్లికూతురి ప్రాణం ముఖ్యమని కోర్టు ఆస్పత్రి వైపే మొగ్గింది. గుట్టు పోయిందని గోలపెట్టినవాడు తీర్పులో మాత్రం ‘మిస్టర్ ఎక్స్’గానే మిగిలాడు!

మీకు తెలుసా? క్షయ అని తేలితే ప్రైవేటు డాక్టరైనా సరే ప్రభుత్వానికి చెప్పి తీరాలి. 2012 నుంచి అది తప్పనిసరి. నోరు విప్పితే తప్పు, ఇక్కడ విప్పకపోతే తప్పు!

మీకు తెలుసా? ఐస్‌లాండ్ మొత్తం జనాభా వైద్య చరిత్రలను ఒకే కంప్యూటరులో పెట్టాలని 1998లో చట్టం చేసింది. ఓ అమ్మాయి అడ్డం తిరిగింది. “పోయింది మా నాన్న, కానీ ఆయన రోగాలు చూస్తే నావి తెలిసిపోతాయి కదా” అని వాదించింది. 2003లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఆమె పక్షానే తీర్పిచ్చింది. ఒక్క కూతురు, ఒక దేశం... కూతురే గెలిచింది!

మీకు తెలుసా? 2017 మే 12న ‘వన్నాక్రై’ అనే వైరస్ బ్రిటన్ ఆస్పత్రుల కంప్యూటర్లకు తాళాలు వేసింది. సుమారు 19,000 అపాయింట్‌మెంట్లు గాల్లో కలిశాయి. ఒక కుర్రాడు ఆ వైరస్ వెతుకుతున్న వెబ్ చిరునామాను కొని రిజిస్టర్ చేయగానే అది చతికిలబడింది. అతనికైన ఖర్చు 10 డాలర్ల 69 సెంట్లు! మరుసటి ఏడాది లెక్కలు తీస్తే అవే ఆస్పత్రుల్లో దాదాపు 9,000 ఫ్యాక్స్ మిషన్లు తేలాయి. వాటికి ఏ వైరసూ సోకలేదు. ఆ భాష వైరస్‌లే మర్చిపోయి ఉంటాయి.

అమెరికాలో 2024 ఫిబ్రవరిలో దెబ్బతిన్న ‘చేంజ్ హెల్త్‌కేర్’ అనే వైద్య బిల్లుల సంస్థ సంగతి ఇంకా ఘనం. దాదాపు 19 కోట్ల మంది వివరాలు! దొంగలకు కట్టిన సొమ్ము 2 కోట్ల 20 లక్షల డాలర్లు. దొంగలు దూరిన ద్వారానికి పాస్‌వర్డు ఉంది గాని, రెండో తాళం లేదు. మనం కరెంటు బిల్లు కట్టాలన్నా ఓటీపీ అడుగుతారు!

ఫిన్లాండ్ కథకు జోకు రావడం లేదు. ‘వాస్తామో’ అనే మానసిక చికిత్సా కేంద్రం నుంచి సుమారు 33,000 మంది డాక్టరుకు మాత్రమే చెప్పుకున్న మాటలు దొంగిలించారు. 2020లో సంస్థ డబ్బివ్వకపోతే దొంగ రోగుల మీదే పడ్డాడు. 24 గంటల్లో 200 యూరోలు, లేదంటే 500, అదీ లేదంటే నీ కథ ఊరంతా. 2024లో అతనికి ఆరేళ్ల మూడు నెలల జైలు పడింది.

మనమేమీ తక్కువ తినలేదు. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు పడకేశాయి. రోగులు లేచి తిరిగారు, కంప్యూటర్లు లేవలేదు! సుమారు రెండు వారాలు కాగితం, కలమే దిక్కయ్యాయి.

మీకు తెలుసా? 2023 డేటా రక్షణ చట్టంలో జాగ్రత్తలు తీసుకోని సంస్థకు జరిమానా 250 కోట్ల రూపాయల వరకూ ఉంది. నోరూరుతోందా? ఆ సొమ్ము ప్రభుత్వ ఖజానాకు పోతుంది. బయటపడిన గుట్టు మీది, వచ్చిన డబ్బు వాళ్లది!

మీ 14 అంకెల ‘ఆభా’ నంబరు గుర్తుందా? 70 కోట్లకు పైగా ఇచ్చారు. రికార్డులన్నీ ఢిల్లీలో ఒకే గదిలో పోగుపడతాయనుకుంటారు చాలామంది. అవి ఏ ఆస్పత్రివి ఆ ఆస్పత్రిలోనే ఉంటాయి, మీరు సరేనంటేనే కదులుతాయి. మరో మాట. ఆస్పత్రిలో చేరినవాళ్లు తమ రికార్డు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య నియమావళిలోనే ఉంది. అడిగినవాళ్లే తక్కువ!

ఇక అసలు విశేషం. అమెరికాలో ఎవరికో కాలు విరిగితే ఆ కాగితాలు హైదరాబాద్‌లో మన పిల్లల ముందుకొస్తాయని మీకు తెలుసా? బీమా బిల్లు కావాలంటే ప్రతి రోగానికీ ఓ కోడ్ వేయాలి. అమీర్‌పేట గోడల మీద ‘మెడికల్ కోడింగ్ నేర్పబడును’ అన్న బోర్డుల వెనక కథ ఇదే. ఆ హాల్లోకి సెల్‌ఫోను రానివ్వని కంపెనీలెన్నో. ఫ్లోరిడా తాతగారి మోకాలి కథ మనవాడి తల్లికి కూడా చెప్పకూడదు!

2015 అక్టోబరు నుంచి అమెరికాలో వాడే ఆ జాబితాలో దాదాపు 70,000 కోడ్‌లున్నాయి. బాతు కొట్టిందా? డబ్ల్యూ 61.62. తాబేలు కొట్టిందా? దానికి వేరే. విమానం ఇంజిన్‌లోకి మనిషి లాగబడ్డాడా? వి 97.33. అలా లాగబడ్డవాడు మళ్లీ చూపించుకోడానికి వస్తే వేయడానికి చివర్న ఇంకో అక్షరం కూడా సిద్ధంగా ఉంది! అత్తామామలతో పొసగకపోవడానికీ కోడ్ ఉంది, జెడ్ 63.1. మన కోడర్లకు ముందు నోటికొచ్చేది అదేనట.