ఒకే ప్రశ్న, మూడు సమాధానములు

రాజకీయ పక్షములు ప్రజలను చీల్చుచున్నవనుట తరచు వినబడు నింద. ప్రజలలో ముందే యున్న భేదమునకు రూపమిచ్చి, వారి తీర్పునకు నిలుపుటయే పక్షముల ముఖ్యధర్మము.

భూమి సమస్యనే చూడుడు. 1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు మహాసభ సహకార సమష్టి వ్యవసాయమును లక్ష్యముగా తీర్మానించినది. కమతములు కలిసిననే దిగుబడి పెరుగును, స్వామ్యము మాత్రము రైతుదే యని దాని వాదము. తన యిచ్చ వచ్చినట్లు సాగు చేసికొనలేని స్వామ్యము కాగితముపై మాటయే యని ఆక్షేపించి, రాజాజీ, ఆచార్య రంగా ప్రభృతులు ఆ యేడే స్వతంత్ర పక్షమును స్థాపించిరి. దున్నువానికి భూమి దక్కనిదే తక్కినవన్నియు వ్యర్థమని కమ్యూనిస్టులనిరి. అందరును రైతు పేరే చెప్పిరి. కాని ఒకరి చూపు దిగుబడిపై, ఒకరిది హక్కుపై, ఒకరిది భూమిలేని కూలీపై నిలిచినది.

స్వతంత్ర పక్షము 1967లో లోక్‌సభలో 44 స్థానములు గెలిచి ప్రతిపక్షములలో పెద్దదైనది. 1974లో భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయినది. సమష్టి సేద్యమును దేశమున వేళ్లూనలేదు. పక్షము పోయినను, అది లేవనెత్తిన ఆక్షేపణ వృథా కాలేదు.

కావున ఓటరు విచారింపవలసినది నాయకుని కులగోత్రములు కావు. ఈ పక్షము ఏ చిక్కునకు ఏ విరుగుడు చెప్పుచున్నది? ఆ విరుగుడు ఖరీదు ఎవరు చెల్లింతురు?