పంటి మీద బ్రాకెట్: చేతి కొలతా, ముద్రించిన ట్రేనా?

తొమ్మిదో తరగతిలో పదార్థాలు ఒకదానికొకటి అంటుకోవడం గురించి చెబుతుంటే, పళ్లకి క్లిప్పులు వేయించుకున్న ఓ అమ్మాయి లేచి అడిగింది: “సార్, తడి అట్టకి జిగురు పట్టదు కదా! ఎప్పుడూ తడిగా ఉండే నోట్లో ఈ ముక్కలు ఎలా నిలుస్తున్నాయి?” ఛత్తీస్‌గఢ్‌లోని మా తఖత్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్లే దారిలో సక్రి దగ్గర డెంటల్ కాలేజీ ఉంది. అయినా, రైల్వే ఉద్యోగాల వెంట వచ్చి బిలాస్‌పూర్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్ల ఇళ్లలో ఇంకో ప్రశ్న వినిపిస్తుంది: “విశాఖలో స్కాన్ తీసి కంప్యూటర్‌తో క్లిప్పులు పెడుతున్నారట మాస్టారూ, పిల్లని అక్కడికే తీసుకెళ్లమంటారా?” మొదటి ప్రశ్నకు జవాబు తెలిస్తేనే రెండోదాని సంగతి తేలుతుంది.

ఆ అమ్మాయి అడిగిన ముక్కనే బ్రాకెట్ అంటారు. ఒకప్పుడు దాన్ని నేరుగా పంటికి అంటించేవారు కాదు. బ్రాకెట్ అతికించిన లోహపు పట్టీని ప్రతి పంటి చుట్టూ తొడిగి, సిమెంటుతో నిలిపేవారు. ఈ పద్ధతి మారడానికి దారి వేసినవాడు అమెరికాలోని రోచెస్టర్‌లో పనిచేసిన మైఖేల్ బ్యునోకోర్. ఇనుప వస్తువులకు రంగు వేసే ముందు ఫాస్ఫారిక్ ఆమ్లం పూస్తారని ఆయనకు తెలుసు. అదే పని పంటి మీద చేస్తే? 1955లో ఆయన 85 శాతం ఆమ్లాన్ని 30 సెకన్లు పంటిపై ఉంచి చూశాడు. రెజిన్ అనే ప్లాస్టిక్ పదార్థం అంతకు ముందుకంటే ఎంతో గట్టిగా పట్టింది.

పంటి పైపొర అయిన ఎనామెల్ చూడటానికి గాజులా నున్నగా ఉన్నా, నిజానికి అది సన్నని స్ఫటిక కడ్డీల కట్ట. ఆమ్లం తగలగానే కడ్డీల కొనలు, వాటి అంచులు ఒక్కో చోట ఒక్కో లోతున కరిగి, కంటికి కనిపించని గుంతలు పడతాయి. పలచని రెజిన్ ఆ గుంతల్లోకి దిగి అక్కడే గట్టిపడుతుంది. పాత గోడకి ఉలితో గాట్లు పెట్టి కొత్త ప్లాస్టరు పట్టించే మేస్త్రీ పనే ఇది. ఇప్పుడు 37 శాతం ఆమ్లం, 15 నుంచి 30 సెకన్లు చాలు. కడిగి ఆరబెడితే పన్ను సుద్దలా తెల్లగా కనిపించాలి. ఆ కాసేపూ ఉమ్ము చుక్క తగలకూడదు, తగిలితే గుంతలు మూసుకుపోతాయి. నోరు తడిగా ఉండొచ్చు గానీ, జిగురు గట్టిపడేదాకా పన్ను పొడిగా ఉండాలి. ఆ అమ్మాయికి నేను చెప్పిన జవాబు ఇదే.

1965లో జార్జ్ న్యూమన్ ఎపాక్సీ జిగురుతో బ్రాకెట్లను నేరుగా పంటికి అంటించే పద్ధతిని ప్రచురించాడు. ఆ పట్టు మరీ ఎక్కువైనా చిక్కే. నమిలినప్పుడు ఊడకూడదు, చికిత్స అయ్యాక తీసేటప్పుడు ఎనామెల్ పెచ్చు రాకూడదు. 6 నుంచి 8 మెగాపాస్కల్ పట్టు చాలని 1975లో రేనాల్డ్స్ లెక్క కట్టాడు. ఈనాటికీ అదే కొలమానం.

అంటించడం తేలికయ్యాక అసలు సమస్య ముందుకొచ్చింది: ఎక్కడ అంటించాలి? 1970ల దాకా డాక్టరు బ్రాకెట్ల గాడుల్లోంచి వెళ్లే తీగను ఒక్కో పంటికీ వేరువేరుగా వంచేవాడు. శాన్ డియేగోలో లారెన్స్ ఆండ్రూస్ సహజంగా చక్కగా అమరిన 120 మంది పలువరుసల అచ్చులు పరిశీలించి, 1972లో మంచి అమరికకు ఆరు లక్షణాలు చెప్పాడు. తరువాత తీగలో ఉండాల్సిన వంపులను బ్రాకెట్‌లోకే మార్చాడు. పై ముందు పంటి బ్రాకెట్‌లో 5 డిగ్రీల ఒరుగు (పక్కకి వంగడం), 7 డిగ్రీల వాలు (ముందుకీ వెనక్కీ వంగడం) ఉంటాయి. కోరపంటికి ఒరుగు 11 డిగ్రీలు. గాడి వెడల్పు 0.022 అంగుళం, అంటే అర మిల్లీమీటరు పైచిలుకు. అందులోంచి తిన్నని తీగ వెళితే చాలు, పళ్లే దానికి తగ్గట్టు సర్దుకుంటాయి. ఇది నాకు ఎంతో ఇష్టమైన ఆలోచన. తెలివంతా బ్రాకెట్‌లో ఉంది కాబట్టి, బ్రాకెట్ తప్పు చోట కూర్చుంటే పన్ను కూడా తప్పు చోటికే వెళుతుంది. పంటి ముఖం వంపుగా ఉంటుంది గనక, కాస్త పైకో కిందికో జరిగినా ఎత్తుతో పాటు వాలూ మారుతుంది.

నేరుగా పెట్టే పద్ధతిలో డాక్టరు చిమటాతో బ్రాకెట్ పట్టుకుని, ఎత్తు కొలిచే గేజ్ ఆనించి, అంచున మిగిలిన జిగురు తీసేసి, నీలి కాంతితో గట్టిపరుస్తాడు. ముందు పళ్లకి ఇది హాయిగా సాగుతుంది. వెనక పళ్ల దగ్గర బుగ్గ అడ్డం, చూపు ఏటవాలు, ఉమ్ము భయం. అందుకే 1972లో సిల్వర్‌మన్, కోహెన్ బ్రాకెట్లను మొదట పలువరుస అచ్చు మీద తీరిగ్గా పెట్టి, పళ్లకు తొడిగే ట్రేతో నోట్లోకి మార్చే పద్ధతి తెచ్చారు. 1979లో రాయిస్ థామస్ దానికి మెరుగు దిద్దాడు. అచ్చు మీదే జిగురును గట్టిపరిచి, ఏ పంటికి ఆ పంటి ఆకారంలో బ్రాకెట్‌కు పీఠం తయారుచేశాడు. నోట్లో ఇక పలచని రెజిన్ పొర ఒక్కటే చాలు.

డిజిటల్ పద్ధతి ఈ ఆలోచనకే కొనసాగింపు. అచ్చు స్థానంలో స్కానర్, బల్ల స్థానంలో తెర, చేతి ట్రే స్థానంలో 3డీ ప్రింటర్. అదనంగా వచ్చిన లాభం ఒకటుంది: చికిత్స ముగిశాక పళ్లు ఎలా ఉండాలో ముందే తెర మీద సర్ది, అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టి బ్రాకెట్ చోటు నిర్ణయించవచ్చు.

మరి ఏది మేలు? పరిశోధనలన్నీ కలిపి చూస్తే, ట్రేతో పెడితే కుర్చీలో కూర్చునే సమయం తగ్గుతుంది, ల్యాబ్ పనితో కలిపితే మొత్తం సమయం పెరుగుతుంది. బ్రాకెట్లు ఊడిపోవడంలో పెద్ద తేడా కనబడలేదు. ట్రే సరిగా కూర్చోకపోయినా, జిగురు మందమైనా తెర మీద కుదిరింది నోట్లో కుదరదు. పైగా ఆ 0.022 అంగుళం గాడిలో సాధారణంగా వేసే 0.019 × 0.025 అంగుళాల తీగకు దాదాపు 10 డిగ్రీల వదులు ఉంటుంది. వాలు విషయంలో ప్రింటర్ సాధించిన సూక్ష్మత కొంత ఆ వదులులోనే పోతుంది.

నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్ల పళ్లకు ఏ స్కానరూ తీర్చలేని చిక్కు ఉంది. ఆ ఎనామెల్ పై పొర ఆమ్లానికి తొందరగా లొంగదు. డాక్టరు ఆమ్లాన్ని ఎక్కువసేపు ఉంచాలి, లేదా పై పొరను కాస్త గీకాలి. అది పంటిని చూసి, అప్పటికప్పుడు తీసుకోవలసిన నిర్ణయం.

కాబట్టి తల్లిదండ్రులకు నా మాట ఇది. స్కానర్ కోసమని ఊళ్లు దాటి వెళ్లనక్కర్లేదు. బ్రాకెట్ చోటు ఎవరు నిర్ణయిస్తారు, కొన్ని నెలల తర్వాత ఏదైనా పక్కకి జరిగినట్టు తేలితే తీసి మళ్లీ పెడతారా అని అడగండి. ఈ రెండింటికీ సూటిగా జవాబు చెప్పి, నెలనెలా అందుబాటులో ఉండే ఆర్థోడాంటిస్టు దగ్గరే చికిత్స మొదలుపెట్టండి. బ్రాకెట్ చుట్టూ రోజూ శుభ్రంగా తోమకపోతే తెల్లమచ్చలు పడతాయి. అది మాత్రం ఏ పద్ధతిలో పెట్టినా పిల్లలు తామే చూసుకోవాల్సిన పని.