సిసిలీ నగరాల్లో మన అడుగుజాడలు

ఏలూరు నిమ్మ మార్కెట్టులో బస్తాల నడుమ నిలుచున్నవారికి మధ్యధరా సముద్రం గుర్తుకు రాదు. కాని ఆ సముద్రంలోని అతిపెద్ద ద్వీపమైన సిసిలీకి నిమ్మను కొనిపోయి నాటినవారు ముస్లిములే. అక్కడి వారు నేటికీ నిమ్మపూతను ‘జాగరా’ అంటారు; అది పువ్వు అనే అర్థంగల అరబీ ‘జహ్ర్’ నుండి పుట్టిన మాట. తోటకు నీరు నిలువచేసే తొట్టికి వారు వాడే ‘జెబ్బియా’ కూడా అరబీయే. నీటి వంతు కోసం ఎదురుచూసే మన కాలువ గట్ల రైతులకు, వంగడం వెంట నీటి విద్య కూడా ఎందుకు వెళ్ళిందో చెప్పనక్కరలేదు.

హిజ్రీ 212 (క్రీ.శ. 827)లో ఖైరవాన్ ఖాజీ అసద్ బిన్ ఫురాత్ నాయకత్వాన ముస్లిం సైన్యం ఆ ద్వీపంపై దిగింది. మరుసటి ఏటనే సిరక్యూస్ ముట్టడిలో ఖాజీ మరణించారు. ఆ నగరం 878లో గాని లొంగలేదు. అంతకు ముందే, 831లో స్వాధీనమైన పలెర్మో రాజధాని అయింది. నేటికీ ద్వీపంలో అదే పెద్ద నగరం, జనాభా ఆరు లక్షలకు పైమాటే.

973లో అక్కడికి వెళ్ళిన యాత్రికుడు ఇబ్న్ హౌఖల్, మన కొల్లేటి జమ్ము వలె నీటిలో పెరిగే పాపిరస్‌తో ఓడల తాళ్ళు పేనడం చూశాడు. మూడు వందలకు మించిన మస్జిదులను చూసి అబ్బురపడి కారణం విచారించాడు. ఇరుగుపొరుగున ఉన్న అన్నదమ్ములు సైతం గొప్ప కోసం ఎవరి మస్జిదు వారు కట్టుకున్నారట! ఈ మాట చదివి మేము నవ్వుకున్నాము. నవ్వు ఆగాక సిగ్గుపడ్డాము.

1072లో నార్మన్లు పలెర్మోను జయించారు. తొలుత వారు మనవారిని ఆదరించారు. 1154లో అల్ ఇద్రీసీ తన ప్రఖ్యాత భూగోళ గ్రంథాన్ని పూర్తిచేసినది రాజు రోజర్ కొలువులోనే. 1184 డిసెంబరులో మెస్సీనా తీరాన ఓడ పగిలి చిక్కుకున్న హజ్ యాత్రికుడు ఇబ్న్ జుబైర్, పేద ముస్లిముల పడవ కూలిని రాజు విలియం తానే ఇప్పించాడని రాశాడు. ఆ మెస్సీనా 1908 భూకంపంలో నేలమట్టమైంది. ఎట్నా అగ్నిపర్వతం కింది కటానియాకు 1693లోనే ఆ గతి పట్టింది. రెండూ మళ్ళీ లేచాయి.

మమ్మల్ని ఎక్కువగా నిలిపివేసినది చిన్న రేవు పట్టణం ట్రాపని. ఇబ్న్ జుబైర్ ఈదుల్ ఫిత్ర్ అక్కడే జరుపుకున్నాడు. పండుగ నమాజుకు జనం డోళ్ళు, బాకాలతో బహిరంగంగానే వెళ్ళారు. కాని ఇళ్ళలో భయం ఉంది. తండ్రి కోప్పడితే కొడుకు, తల్లి మందలిస్తే కూతురు అలిగి చర్చికి పోయేవారు. మతం మారిన బిడ్డపై ఇక కన్నవారికి హక్కు లేదు. అందుకే బిడ్డలను గట్టిగా ఒక మాట అనడానికి పెద్దలు జంకేవారు. పట్టణంలో పేరున్న ఒక తండ్రి, యాత్రికులలో ఒకరి వద్దకు కుమారుణ్ణి పంపాడు: తన కుమార్తెను అతడు నికాహ్ చేసుకోవాలి, లేదా తగినవారికిచ్చి చేయాలి, ఎలాగైనా ముస్లిముల దేశానికి చేర్చాలి. తండ్రినీ అన్నదమ్ములనూ విడిచి వెళ్ళడానికి ఆ అమ్మాయి సమ్మతించింది.

ఆ తండ్రి భయం నిజమే అయింది. ఫ్రెడరిక్ చక్రవర్తి 1220ల నుండి సిసిలీ ముస్లిములను ఇటలీలోని లూచెరాకు తరలించాడు. 1300లో ఆ బస్తీనీ ధ్వంసం చేసి, మిగిలినవారిని బానిసలుగా అమ్మారు.

ఆనాటి ఆయతు ఒకటి పలెర్మోలో ఇంకా ఉంది. ఆ నగరపు ప్రధాన చర్చి దక్షిణ ద్వారం వద్ద ఒక స్తంభం మీద సూరా ఆరాఫ్‌లోని 54వ ఆయతు చెక్కి ఉంది. లోపలికి వెళ్ళేవారు దాని పక్కనుండే నడిచిపోతారు.