ఇనుప వాన ఎవరైనా చూశారా?

"ఆ గ్రహం మీద ఇనుము వానలా కురుస్తుంది" అనే రీల్ మీకూ వచ్చే ఉంటుంది. వెనకాల ఎర్రటి చినుకులు పడుతున్న బొమ్మ. అది ఆర్టిస్టు గీసిన బొమ్మ. అసలు సైంటిస్టులకి కనిపించింది వేరే, నాకైతే అదే ఇంకా బాగుంది.

గ్రహం పేరు వాస్ప్-76బి. మీనరాశి దిక్కున, సుమారు 640 కాంతి సంవత్సరాల దూరం. గురుడి లాంటి వాయుగోళమే, కానీ నక్షత్రానికి ఎంత దగ్గరంటే దాని ఏడాది మన రెండు రోజులు కూడా ఉండదు. చంద్రుడు మనకి ఒకే ముఖం చూపించినట్టు, ఇదీ తన నక్షత్రానికి ఒకే ముఖం చూపిస్తుంది. అంటే ఒక సగం ఎప్పుడూ పగలే, ఇంకో సగం ఎప్పుడూ రాత్రే. పగటి వైపు 2,400 డిగ్రీల సెల్సియస్ పైమాటే. నీటి అణువులే విడిపోయే వేడి అది, ఇక నీటి మబ్బులెక్కడివి? ఇనుము కూడా ఆవిరై గాలిలో ఉంటుంది.

2020లో ఒక టీమ్ చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోప్‌కి ఉన్న ఎస్ప్రెస్సో (కాఫీ కాదు, పరికరం!) తో తీసుకున్న కొలతలని ప్రచురించింది. గ్రహం నక్షత్రం ముందు నుంచి వెళ్ళేటప్పుడు, దాని అంచుల్లోని గాలి గుండా కాస్త వెలుగు మనదాకా వస్తుంది. ఆ వెలుగులో ఇనుము మింగేసిన రంగుల చోట నల్ల గీతలు పడతాయి. సాయంత్రపు అంచులో గాలి పగట్లోంచి రాత్రిలోకి, మన వైపుగా వస్తుంటుంది. తెల్లవారు అంచు మన నుంచి దూరంగా తిరుగుతుంటుంది. అంబులెన్స్ దగ్గరికొస్తుంటే, దూరమవుతుంటే సైరన్ మారినట్టు ఈ గీతలూ జరుగుతాయి. దాన్ని బట్టి ఏ అంచు ఏదో పట్టుకున్నారు.

సాయంత్రపు అంచులో ఇనుము ఉంది. తెల్లవారు అంచులో లేదు. దొరికింది ఇంతే.

రాత్రిలోకి వెళ్ళిన ఇనుము బయటికి రాలేదు కాబట్టి, అక్కడ చల్లబడి (చల్లదనం అంటే 1,500 డిగ్రీలు లెండి) చినుకులై పడిపోయి ఉంటుందన్నారు. లాగ్‌లో ఎంట్రీ ఉంది, ఎగ్జిట్ లేదు. మా సీఎస్‌ఈ వాళ్ళకి ఇది వెంటనే ఎక్కుతుంది. కానీ ఎగ్జిట్ జరిగి కూడా మనకి కనబడకపోయి ఉండొచ్చు కదా? 2022లో ఇంకో టీమ్ కంప్యూటర్ మోడల్స్‌తో అడిగింది దాదాపు ఇదే. పైన దట్టమైన అల్యూమినియం ఆక్సైడ్ మబ్బులుండి, కక్ష్య గుండ్రం నుంచి కొద్దిగా తప్పితే చాలు, ఇలాంటి సిగ్నలే వస్తుందట. వాన అవసరం లేదు. వాళ్ళ పేపర్ పేరే "గొడుగు అక్కర్లేదు" అన్న అర్థంతో మొదలవుతుంది!

ఆ అల్యూమినియం ఆక్సైడ్ స్ఫటికమైతే కురువిందం. అందులో కాస్త క్రోమియం చేరితే కెంపు, ఇనుము, టైటానియం చేరితే నీలం. ఇంగ్లీషు కోరండమ్ తమిళ కురుందం నుంచి వెళ్ళిన మాట, మన కురువిందం దానికి చుట్టం. ఇంగ్లీష్ మీడియం నాకు ఆ చుట్టరికం ఈ మబ్బుల వల్లే తెలిసింది.

వాస్ప్-121బి అని ఇంకో గ్రహం ఉంది, దాని ఏడాది 30 గంటలు. రాత్రి వైపు ఇనుము, కురువిందం మబ్బులు కట్టేంత చల్లగా ఉందని 2022లో హబుల్ కొలతలు చెప్పాయి. అక్కడా కొలిచింది వేడినే. మబ్బుని ఇంకా ఎవరూ నేరుగా చూడలేదు.