సూదుల చికిత్సయు సంతానాపేక్షయు



మన మధురానగరున నిరువురు గృహిణులు మెట్రో బండిలో ప్రక్కప్రక్కన కూర్చున్నచో, మాటలు కోడండ్రమీదికిని, అటనుండి “ఏమైన విశేషమా?” యను ప్రశ్నకును పోవుట సహజము. ఆ ప్రశ్నకు వెఱచియే పెక్కుమంది యువతులు ఎవరేమి చెప్పినను ఆ చికిత్సకు తలయొగ్గుచున్నారు. వానిలో నాక్యుపంక్చర్ అను చీనా సూదుల చికిత్స యొకటి.

ముందు రోగమెట్టిదో యెఱుగవలయును. వైద్యులు పీసీఓఎస్ అని పిలుచు దీనిని 1935లో చికాగో వైద్యులు స్టెయిన్, లెవెంతాల్ గార్లు వర్ణించిరి. అండాశయమున నీటిబుడగలున్నవనగానే మనవారు బెదరిపోవుదురు. అవి పక్వముగాక నిలిచిపోయిన అండపు సంచులు మాత్రమే. అండము సరిగా వెలువడనందున ఋతువు తప్పుచుండును. గర్భము నిలుచుట కష్టమగును.

సన్నని సూదులను గ్రుచ్చి నాడులను ప్రేరేపించినచో అండము వెలువడునని చికిత్సకుల వాదము. 1938లో డాక్టర్ కోట్నీసుతో చీనాకేగిన డాక్టర్ బసుగారు, పిదప నచటనే యీ విద్య నేర్చి 1959లో కలకత్తాకు తెచ్చిరి. 2019లో కేంద్రప్రభుత్వము దీనినొక వైద్యపద్ధతిగా గుర్తించినది. గుర్తింపు వేఱు, ఈ రోగమునకు పనిచేయుట వేఱు.

ఆ సంగతిని సూదుల పుట్టినిల్లయిన చీనాలోనే పరీక్షించి, 2017లో ఫలితమును ప్రకటించిరి. వేయిమంది స్త్రీలలో సగముమందికి నిజమైన సూదులను, సగముమందికి పైపైన గ్రుచ్చు ఉత్తుత్తి సూదులను, వారమునకు రెండుమార్లు, నాలుగు నెలలవఱకు వేసిరి. ప్రతి జట్టులోను సగముమందికి క్లోమిఫీన్ మాత్రయు, తక్కినవారికి మందులేని మాత్రయు నిచ్చిరి. బిడ్డను కన్నవారు నిజమైన సూదుల జట్టున నూటికి 21.8, ఉత్తుత్తి సూదుల జట్టున 22.4. అనగా భేదము లేనట్లే. మందు తిన్నవారిలోనో 28.7, తిననివారిలో 15.4.

పొరుగింటి కోడలు సూదులు వేయించుకొని గర్భవతి యైనదందురు. నిజమే కావచ్చును. కాని ఆ పరీక్షలో మందును, నిజమైన సూదులును రెండును లేనివారిలో సయితము నూటికి 16.8 మంది తల్లులైరి!

ఇప్పుడు వైద్యులు మొదట వ్రాయునది లెట్రోజోల్ మాత్ర. 2014లో ప్రకటించిన అమెరికా పరీక్షయందు క్లోమిఫీన్ తిన్నవారిలో నూటికి 19.1, దీనిని తిన్నవారిలో 27.5 మంది ప్రసవించిరి. మన దేశమున సంతానార్థము దీనిని వాడరాదని 2011లో నిషేధించి, 2017లో ఆ నిషేధమును తొలగించిరి. ఇది వైద్యురాలి చేతిమీదుగా తినవలసినదే గాని, అంగడిలో కొని తినునది కాదు. దేహము స్థూలమైనచో కొంత బరువు తగ్గుటయు మేలుచేయును.

సూదులవలన చర్మము కమలుట తప్ప పెద్ద కీడు అరుదు. పోవునది కాలము. ముప్పదియైదేండ్లు దాటినవారికి ఆఱు నెలలైనను స్వల్పము కాదు. నెలల తరబడి ఋతువు రాకున్నచో గర్భాశయపు లోపలి పొర దళసరియై హానికి దారితీయును; రక్తమున చక్కెరయు చూపించుకొనవలయును.

అత్తగార్లకొక మనవి. కోడలిని పంపునపుడు కుమారునిగూడ పంపుడు. చీనా పరీక్షలోను భర్త వీర్యము సరిగానున్నదని చూచిన పిమ్మటనే భార్యను చేర్చుకొనిరి.