డిష్ ఒకటే చాలు.. గదికో వైరు కావాలి!
రెండో టీవీకి కనెక్షన్ ఇచ్చే ముందు తెలుసుకోవాల్సిన సంగతులు

మార్కాపురం: ఇంట్లోకి రెండో టీవీ వచ్చింది. మిద్దె మీద డిష్ ఒక్కటే ఉంది. దాని నుంచి రెండో గదికి వైరు లాగడం ఎలా? మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం ప్రాంతాల పల్లెల్లో ఈ సమస్య ఇప్పుడు కొత్తది కాదు. కొడుక్కి పెళ్లయితే గది వేరవుతుంది. పిల్లలు పనుల కోసం హైదరాబాదుకో, బెంగళూరుకో వలస పోతే ఇంట్లో మిగిలిన ముసలివారికి మంచం పక్కనే టీవీ కావాలనిపిస్తుంది. అలాంటప్పుడు కొందరు ఉన్న వైరును మధ్యలో కోసి రెండుగా కలుపుతున్నారు. మరికొందరు ఇంకో డిష్ కొంటున్నారు. మొదటి పద్ధతిలో బొమ్మ పోతుంది. రెండో దాంట్లో డబ్బు పోతుంది. నిజానికి ఆ రెండూ అక్కర్లేదు.

కోళ్ల జాలీ నుంచి చిన్న డిష్ దాకా

ఉపగ్రహం నుంచి పల్లెకు టీవీ రావడం మన దేశంలో 1975 ఆగస్టులో మొదలైంది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఏడాదిపాటు జరిగిన 'సైట్' ప్రయోగంలో ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు టీవీలు ఇచ్చారు. అందులో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. కోళ్ల గూళ్లకు వాడే ఇనుప జాలీతో పది అడుగుల వెడల్పు డిష్ కట్టి, ఊరంతటికీ ఒక్క టీవీ పెట్టేవారు. 2004 డిసెంబరులో దూరదర్శన్ డీడీ డైరెక్ట్ ప్లస్‌ను ప్రారంభించింది. నెల రుసుం లేని ఆ సేవనే ఇప్పుడు డీడీ ఫ్రీ డిష్ అంటున్నారు. ఒకనాడు ఊరికొక్కటిగా ఉన్న టీవీ ఇంటికొకటై, ఇప్పుడు గదికొకటి అవుతోంది.

వైరు చీలిస్తే ఏమవుతుంది?

డిష్ ముందు కొమ్మకు బిగించి ఉండే చిన్న డబ్బాను ఎల్ఎన్‌బీ అంటారు. సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తు నుంచి వచ్చే బలహీనమైన సంకేతాన్ని అది పట్టి, పెంచి, వైరు గుండా కిందికి పంపుతుంది. దానికి కరెంటు వేరే ఎక్కడి నుంచో రాదు. గదిలోని సెట్‌టాప్ బాక్సే అదే వైరు గుండా పైకి పంపుతుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఉపగ్రహం పంపే సంకేతాల్లో నిలువువి, అడ్డువి అని రెండు రకాలుంటాయి. నిలువువి కావాలంటే బాక్సు 13 వోల్టులు పంపుతుంది. అడ్డువి కావాలంటే 18 వోల్టులు పంపుతుంది. ఒకే వైరును రెండు బాక్సులకు పంచితే, ఒకటి 13 అడుగుతుంటే ఇంకొకటి 18 అడుగుతుంది. ఎల్ఎన్‌బీ 18 వోల్టుల మాటే వింటుంది. దాంతో మొదటి గదిలో బొమ్మ ఆగిపోయి 'సిగ్నల్ లేదు' అని వస్తుంది. రెండు గదుల్లోనూ ఒకే రకం చానళ్లు చూస్తున్నంతసేపు అంతా బాగానే ఉంటుంది. ఒకరు చానల్ మార్చగానే రెండో గదిలో గొడవ మొదలవుతుంది. బాక్సు చెడిపోయిందనుకుని కొత్తది కొన్నా ఫలితం ఉండదు.

కేబుల్ టీవీకి వాడిన పాత స్ప్లిటర్లు అసలే పనికిరావు. వాటిలో చాలావాటి మీద 5 నుంచి 1000 మెగాహెర్ట్జ్ అని ఉంటుంది. డిష్ నుంచి దిగే సంకేతం 950 నుంచి 2150 దాకా ఉంటుంది.

మూడు మార్గాలు

రెండు గదుల్లోనూ ఒకే చానల్ చాలనుకుంటే ఒక్క బాక్సుతోనే పని జరుగుతుంది. బాక్సు వెనుక ఉండే ఏవీ అవుట్ నుంచి రెండో టీవీకి పొడుగు తీగ వేస్తే చాలు. ఖర్చు తక్కువ. అయితే చానల్ మార్చాలంటే బాక్సు ఉన్న గదికి రావాలి.

అవ్వ సీరియల్, మనవడు క్రికెట్ ఒకే సమయంలో చూడాలంటే బాక్సులు రెండు కావాలి. డిష్ మాత్రం ఒకటే చాలు. పాత ఎల్ఎన్‌బీ తీసేసి, రెండు అవుట్‌లు ఉన్న దాన్ని బిగించాలి. షాపుల్లో ట్విన్ లేదా టూ ఇన్ వన్ అని అడిగితే ఇస్తారు. ఒక్కో అవుట్ నుంచి ఒక్కో గదికి విడిగా వైరు దించాలి. అప్పుడు ఎవరి బాక్సు మాట వారికే చెల్లుతుంది.

అన్నదమ్ముల గదులు మూడు, నాలుగు ఉన్న ఇంటికి నాలుగు అవుట్‌ల ఎల్ఎన్‌బీలూ దొరుకుతున్నాయి. డిష్ ఏ కంపెనీదో షాపులో చెప్పి, దానికి సరిపడేదే తీసుకోవాలి. ఎల్ఎన్‌బీ మార్చేటప్పుడు డిష్ కాస్త కదిలినా సిగ్నల్ పోతుంది. మన ప్రాంతంలో ఫ్రీ డిష్ ఆగ్నేయం వైపు చూస్తుండాలి. విప్పే ముందే దాని స్థానాన్ని గుర్తు పెట్టుకోవడం మంచిది.

వైరు లాగే తీరు

డిష్‌కు ఆర్‌జీ-6 రకం వైరు వాడాలి. పాత కేబుల్ కనెక్షన్ల సన్న వైరు పనికిరాదు. దూరం పెరిగేకొద్దీ సంకేతం తగ్గుతుంది కనుక ముప్పై మీటర్ల లోపు ఉంటే మేలు. మధ్యలో అతుకులు వద్దు. పిన్ను బిగించేటప్పుడు పైనున్న జాలీ తీగ ఒక్క పోగైనా నడిమి రాగి తీగను తాకితే షార్టవుతుంది. అందుకే బాక్సు ప్లగ్గు తీశాకే పిన్నులు ముట్టుకోవాలి.

రాతి గోడల ఇళ్లలో రాయి మీద కాకుండా రాళ్ల మధ్య సందులో రంధ్రం వేయాలి. ఆ రంధ్రం బయటి వైపు కిందికి వాలి ఉంటే వాన నీరు లోపలికి రాదు. గోడలోకి దూరే ముందు వైరును కాస్త కిందికి వంచి వదిలితే నీరు అక్కడే కారిపోతుంది. నల్లమల అంచు పల్లెల్లో కోతుల బెడద తెలిసిందే. అక్కడ వైరును ప్లాస్టిక్ పైపులో వేయడం మేలు.

ప్రాణం కన్నా టీవీ ఎక్కువ కాదు

మిద్దె పక్కన కరెంటు లైను ఉంటే ఇనుప నిచ్చెనతో ఎక్కరాదు. డిష్ నిలబెట్టే ఇనుప పైపును లైను వైపు ఎత్తరాదు. ఇంటికి వచ్చే సర్వీసు వైరుకు డిష్ వైరును కట్టరాదు. టీవీ వెనుక వైరు ముట్టుకుంటే జివ్వుమంటున్నదంటే, ఏదో గదిలో ఎర్తు సరిగా లేదన్నమాట. ముందు దాన్ని బాగు చేయించాలి. మబ్బు కమ్మి ఉరుములు మొదలవక ముందే ప్లగ్గు, డిష్ వైరు రెండూ తీసేయాలి. ఉరిమేటప్పుడు వాటి జోలికి పోరాదు.

నెల రుసుం సంగతి

ఫ్రీ డిష్‌కు ఎన్ని బాక్సులు పెట్టినా నెల రుసుం ఉండదు. డబ్బు కట్టే డీటీహెచ్‌లకు రెండో బాక్సుకూ రుసుం ఉంటుంది. రెండో టీవీకి నెట్‌వర్క్ రుసుం మొదటి దానిలో 40 శాతం దాటరాదని ట్రాయ్ 2020లో నిబంధన పెట్టింది. 2024 జూలైలో నెట్‌వర్క్ రుసుంపై పరిమితి ఎత్తేసి కంపెనీలకే వదిలింది. కనుక రెండో బాక్సు తీసుకునే ముందు నెలకు మొత్తం ఎంతవుతుందో, చానళ్ల ధర కూడా కలిపి, కాగితం మీద రాయించుకోవాలి.