ల్యాబ్‌లో కత్తి పట్టనంటున్న అమ్మాయి

పొద్దున్నే టిఫిన్ తిని హుషారుగా కాలేజీకి వెళ్లిన అమ్మాయి, సాయంత్రం వచ్చి కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతోందే తప్ప ముద్ద ఎత్తడం లేదు. ఏమిటే అంటే, "రేపటి నుంచి ప్రాక్టికల్స్‌ట. నావల్ల కాదమ్మా" అంటుంది. మీరేం చెప్తారు? జీవహింస మహాపాపమని చిన్నప్పటి నుంచీ నూరిపోసింది మీరే కదా! కాలికింద చీమ పడితే "అయ్యో" అన్న పిల్ల, ఇవాళ కత్తి పట్టమంటే ఎలా పడుతుంది?

ఇంటర్‌లో బైపీసీ చదివిన పాతతరం వాళ్లకి ఇది కొత్తేమీ కాదు. మైనం పోసిన ట్రే, కాళ్లకు గుండుసూదులు గుచ్చిన కప్ప, తలనొప్పి తెప్పించే క్లోరోఫాం వాసన... జ్ఞాపకం వచ్చాయా? పక్కపిల్ల చేత కోయించి, తాము మొహం అటు తిప్పుకుని, రికార్డులో బొమ్మ మాత్రం అందంగా వేసి గట్టెక్కిన వాళ్లు మనలో ఎంతమంది లేరు! "మా ఇంట్లో ఒప్పుకోరు మేడమ్" అని నోరు తెరిచి అన్నవాళ్లు తక్కువ. అంటే మార్కులు పోతాయని భయం.

ఆ భయం ఇప్పుడు చాలావరకు అక్కర్లేదు. జంతువులను కోసే ప్రాక్టికల్స్‌ను క్రమంగా తగ్గించుకోమని యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ 2011లో మార్గదర్శకాలు ఇచ్చింది. 2014లో జువాలజీ, లైఫ్ సైన్సెస్ డిగ్రీ, పీజీ కోర్సుల్లో పూర్తిగా ఆపేయమంది. వాటి బదులు మోడల్స్, చార్టులు, కంప్యూటర్‌లో చూపించే బొమ్మలు వాడుకోవచ్చు. అదే ఏడాది మెడికల్ కౌన్సిల్ కూడా ఫిజియాలజీ, ఫార్మకాలజీ పాఠాలకు కంప్యూటర్ పద్ధతుల వైపు మళ్లమంది. ఇదంతా జైనుల కోసమో, శాకాహారుల కోసమో జరిగిందనుకోకండి. చెరువుల్లో కప్పలు తరిగిపోతున్నాయన్న బెంగ, మూగజీవాల మీద జాలి, రెండూ కలిశాయి. ఎవరి పుణ్యమైతేనేం, మీ అమ్మాయి కాలేజీలో ఇంకా బల్లమీద జంతువు కనిపిస్తుంటే, 2014 నాటి ఆ ఉత్తర్వు సంగతి మర్యాదగా అడగవచ్చు.

హోటల్ మేనేజ్‌మెంట్‌లో చేరిన పిల్లల సంగతి ఇంకొకటి. పప్పుచారు, గుత్తి వంకాయ బ్రహ్మాండంగా చేస్తుందని మురిసిపోయి చేర్పిస్తాం. తీరా చూస్తే కోడిని కీళ్ల దగ్గర విడదీయడం, చేప ముల్లు తీయడం, కోడిగుడ్లు గిలకొట్టి కేకు చేయడం, అన్నీ మార్కులున్న పాఠాలే. ముస్లిం అమ్మాయికి పంది మాంసంతోనూ, వైన్ వడ్డించే పాఠంతోనూ ఇబ్బంది. "రుచి చూడకుండా వంటమనిషి ఎలా అవుతావు?" అనే మాస్టారి మాటలోనూ న్యాయం లేకపోలేదండీ. రేపు పెద్ద హోటల్లో ఉద్యోగమిచ్చేవాడు అదే అడుగుతాడు. అయితే 2018 నాటికే అహ్మదాబాద్, భోపాల్, జైపూర్ హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థల్లో శాకాహారం వరకే నేర్చుకునే వీలు కల్పించారు. అన్నిచోట్లా ఇలాగే ఉంటుందని మాత్రం ధీమా పడవద్దు. ఫీజు కట్టకముందే కనుక్కోండి.

కోతలతో సంబంధం లేని చిక్కులూ ఉన్నాయి. సెవెంత్ డే అడ్వెంటిస్ట్ క్రైస్తవులకు శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం పొద్దుగూకే వరకు విశ్రాంతి దినం. యూనివర్సిటీ వాళ్లేమో శనివారం ఉదయం పది గంటలకు పరీక్ష పెడతారు! రాజ్యాంగం 25వ అధికరణం మనస్సాక్షికి స్వేచ్ఛ ఇచ్చింది, నిజమే. 1986లో కేరళ బడి పిల్లలు ముగ్గురు తమ మత విశ్వాసం వల్ల జాతీయగీతం పాడకుండా మౌనంగా నిలబడితే, వాళ్లను బడి నుంచి తీసేయడం తప్పని సుప్రీంకోర్టు అంది కూడా. కానీ లక్షమంది రాసే పరీక్ష తేదీని ఒక్కరి కోసం మార్చడం వేరే సంగతి. టైంటేబుల్ వచ్చిన రోజే అర్జీ పెట్టుకోవాలి. ముందురోజు ఏడిస్తే లాభం లేదు.

ఇక డాక్టరు చదువు. ఇక్కడ మినహాయింపు అడగడం సరికాదని నా అభిప్రాయం. మనిషి శరీరం చూడకుండా డాక్టరైన వాళ్ల చేత మనం ఆపరేషన్ చేయించుకుంటామా? శవాన్ని ముడితే కులం పోతుందన్న రోజుల్లో, 1836లో కలకత్తా మెడికల్ కాలేజీలో మధుసూదన్ గుప్తా అనే సంస్కృత పండితుడు, ఆయుర్వేదం చెప్పే అయ్యవారు, విద్యార్థులతో కలిసి శవపరీక్షకు పూనుకున్నాడు. ఆ రోజు కోటలో ఫిరంగులు మోగించారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన శాస్త్రాలు వదిలేసి ఆ పని చేయలేదు. శాస్త్రం తెలిసిన మనిషిగానే చేశాడు. నేడు చాలా మెడికల్ కాలేజీల్లో పిల్లలు ఆ శరీరానికి దణ్ణం పెట్టి, గౌరవంగా చూస్తామని ప్రమాణం చేసి మరీ మొదలుపెడతారు.

అసలు చిక్కు కొన్ని ఇళ్లలో అమ్మాయిది కాదు, ఇంట్లో పెద్దవాళ్లది! పిల్ల బాగానే చదువుకుంటూ ఉంటుంది. నాయనమ్మేమో "శవాన్ని ముట్టుకొచ్చావు, పెరటి దారిన రా, పూజగదిలోకి అడుగు పెట్టకు" అంటుంది. రోజంతా ఫార్మలిన్ వాసనకు కళ్లు మండి ఇంటికొచ్చిన పిల్లకు గుమ్మంలోనే ఆ మాట వినిపిస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. అత్తగారికి ఎదురు చెప్పలేక, కూతురికి సర్ది చెప్పలేక నలిగేది మీరేనని తెలుసు. వచ్చీరాగానే స్నానం చేస్తే ఆవిడ మడీ నిలుస్తుంది, పిల్లకు హాయిగానూ ఉంటుంది. ఆ తర్వాత కూడా దూరం పెడుతుంటే మాత్రం మీరు నోరు విప్పక తప్పదు.

అమ్మాయిని కూర్చోబెట్టి ఒక్క మాట అడగండి. "నీకు వద్దా, మాకు నచ్చదని వద్దంటున్నావా?" ఆమెకే వద్దనిపిస్తే, ఏది వద్దో విడదీసి చెప్పమనండి. చంపడమా, కోయడమా, తినడమా, చూడడమా? చంపడం ఒక్కటే వద్దనేవాళ్లు మోడల్ మీద అదే పాఠం నేర్చుకోవచ్చు. పాఠమే వద్దంటే మాత్రం ఎవరూ ఒప్పుకోరు. పరిణామ సిద్ధాంతం మా మతానికి విరుద్ధమని జవాబు రాయకుండా వచ్చే పిల్లలుంటారు. శాస్త్రజ్ఞులు ఏమన్నారో రాయమని కదా ప్రశ్న! అది రాసినంత మాత్రాన మన నమ్మకం ఎక్కడికీ పోదు.

తర్వాత డిపార్ట్‌మెంట్ హెడ్ పేర ఓ ఉత్తరం రాయించండి. ఏ ప్రాక్టికల్, ఎందుకు చేయలేదు, బదులుగా ఏం చేయడానికి సిద్ధం, ఇవి మూడూ ఒక్క పేజీలో సరిపోతాయి. ప్రాక్టికల్స్ మొదలవకముందే ఇవ్వాలి. జెరాక్స్ కాపీ మీద తేదీతో సంతకం పెట్టించుకుని, రికార్డు పుస్తకంలో దాచుకోమనండి. మార్కులు వేసే రోజుకి హెడ్ మారిపోయి ఉండవచ్చు.